ఊదిస్తే మందు ఒక్కటే బయటపడుతుంది

తెల్లవారుజామున మూడు గంటలు. తిరువళ్లూరు దాటి తిరుత్తణికి వెళ్లే రోడ్డులో, కనకమ్మసత్రం దగ్గర టీ కొట్టు ముందు లారీలు వరసగా ఆగి ఉంటాయి. ఒక డ్రైవరు సీసాలో నీళ్లు వంచుకుని కళ్ల మీద రెండు సార్లు గట్టిగా చల్లుకుంటాడు. ఒక టీ తాగి, కింది పెదవి వెనక చిటికెడు పొగాకు దోపుకుని మళ్లీ బండెక్కుతాడు. "తెల్లారేలోగా రేణిగుంట దాటాలన్నా" అంటాడు. 1960 దాకా తిరుత్తణి చిత్తూరు జిల్లాలోదే. ఈ దారిలో తెలుగు మాట వినపడటం వింతేమీ కాదు.

ఆ డ్రైవరు జేబులోని లైసెన్సు వెనక ఒక డాక్టరు సంతకం ఉంది. ఆ సంతకం ఉన్న కాగితం పేరు ఫారం 1ఎ. కారు నంబరు ప్లేటు 25 మీటర్ల దూరం నుంచి కనబడుతోందా, ఎరుపూ ఆకుపచ్చా తేడా తెలుస్తోందా, రేచీకటి ఉందా, హారను వినపడుతుందా అని ఆ కాగితం అడుగుతుంది. అడగాల్సిన ప్రశ్నలే. కానీ మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణతో సరకు వాహనం, బస్సు నడిపే లైసెన్సు గడువు మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెరిగింది. ఐదేళ్లలో సుగర్ రావచ్చు, కంటిలో శుక్లం ముదరవచ్చు. ఆ సంగతి కాగితానికి తెలియదు.

అక్కడికి కొద్ది దూరంలోనే తిరువాలంగాడు రైల్వేస్టేషన్. ఆ పట్టాల మీద బండి నడిపే లోకో పైలట్‌కి 45 ఏళ్ల దాకా నాలుగేళ్లకోసారి, 55 దాకా రెండేళ్లకోసారి, ఆపైన ఏటా వైద్యపరీక్ష తప్పదు. డ్యూటీ ఎక్కే ముందు మందు పరీక్షకు ఊదాలి కూడా. పట్టా తప్పి పక్కకు పోలేని బండికి ఇంత జాగ్రత్త తీసుకుంటున్నారు. ఎదురుగా బస్సులూ స్కూటర్లూ వచ్చే రోడ్డు మీద లారీ నడిపేవాడిని మాత్రం ఐదేళ్లపాటు వదిలేస్తున్నారు. ఇది అన్యాయం.

ఇక మత్తు సంగతి. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ ప్రకారం 100 మి.లీ. రక్తంలో 30 మి.గ్రా. మించి ఆల్కహాలు ఉంటే నేరం. మొదటిసారి పట్టుబడితే పదివేల రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. మాదకద్రవ్యాల మాటా అదే సెక్షన్‌లో ఉంది. అయితే మామూలుగా పోలీసు చేతిలో ఉండేది ఊదించే మిషనే. గంజాయి, నిద్ర రాకుండా మింగిన మాత్ర అందులో పడవు. ఆస్ట్రేలియాలోని విక్టోరియాలో 2004 నుంచే రోడ్డు పక్కన లాలాజలం తీసి మత్తు పరీక్ష చేస్తున్నారు. అమెరికాలో లారీ డ్రైవరు వైద్య సర్టిఫికెట్ రెండేళ్లకు మించి చెల్లదు. ముందు చెప్పకుండా మత్తు పరీక్షకు పిలుస్తారు. పట్టుబడ్డవాడు చికిత్స తీసుకుని, మళ్లీ పరీక్షలో నెగ్గితే స్టీరింగు పట్టుకోవచ్చు. మనం అన్నిటికంటే ముందు తెచ్చుకోవాల్సింది ఈ చివరి భాగమే. దారి మూసేస్తే డ్రైవరు దాక్కుంటాడు గానీ మానడు.

మాత్ర ఎందుకు మింగుతున్నాడో కూడా చూడాలి. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు ఎనిమిది గంటల పని అంది. లోడు ఎప్పటికి చేరాలో చెప్పే యజమాని ఆ లెక్క చూడకపోతే, పరీక్ష వల్ల వచ్చే శిక్షంతా డ్రైవరు ఒక్కడి మీదే పడుతుంది.

పరీక్షలకు చోటు వెతకనక్కర్లేదు. తిరువాలంగాడులోని సహకార చక్కెర మిల్లులో గానుగ సీజన్ మొదలైతే చెరకు బండ్లు తూకం కోసం బారులు తీరతాయి. డ్రైవర్లు అక్కడ ఎలాగూ ఆగుతారు. ఆ ఆవరణలోనే ఒక కంటి చార్టు, బీపీ మిషను, సుగర్ చూసే పరికరం పెట్టి, చూపు మందగించినవాడికి అక్కడికక్కడే కళ్లద్దాలు ఇస్తే రవాణా శాఖకు పెద్ద ఖర్చేమీ కాదు. రాబోయే సీజన్‌కే ఆ పని మొదలుపెట్టవచ్చు.