ఖద్దరుకు దక్కిన బంగారు ప్రతిమ

బహుమతి ప్రదానోత్సవం చూసేవారికి ఆ రాత్రితోనే కథ ముగుస్తుంది. పేరు పిలుస్తారు, చప్పట్లు మారుమ్రోగుతాయి, విజేత గద్గద స్వరంతో నాలుగు మాటలు చెప్పి వేదిక దిగుతాడు. ఆ తర్వాత ఆ ప్రతిమ ఏ ఇంట, ఏ బీరువాలో ఉంటుంది, విజేత తదనంతరం దాని గతి ఏమిటి అన్నది సాధారణంగా ఎవరికీ పట్టదు. భాను అథయ్యకు పట్టింది.

1983 ఏప్రిల్ 11న లాస్ ఏంజిలిస్‌లో జరిగిన ఆస్కార్ ఉత్సవంలో రిచర్డ్ ఆటెన్‌బరో చిత్రం 'గాంధీ' 8 బహుమతులు గెలుచుకుంది. వాటిలో దుస్తుల రూపకల్పన బహుమతిని జాన్ మాలోతో పాటు పంచుకున్నది ఆమె. ఆస్కార్ పొందిన తొలి భారతీయురాలే కాదు, తొలి భారతీయ వ్యక్తి కూడా. సంగీతానికి పరిశీలనలో నిలిచిన పండిట్ రవిశంకర్‌కు మాత్రం ఆ రాత్రి నిరాశే మిగిలింది. ఆ బహుమతి 'ఇ.టి.'కి వెళ్ళింది.

దుస్తులకు బహుమతి అనగానే జలతారు అంచులు, రాజదర్బారు వైభవం మనస్సులో మెదులుతాయి. గాంధీజీ జీవితమో, దుస్తులను ఒక్కొక్కటిగా విడిచిపెట్టిన చరిత్ర! దక్షిణాఫ్రికాలో సూటు తొడిగిన బారిస్టరు 1915లో కాఠియావాడీ వేషంలో స్వదేశం చేరారు; 1921లో మధురైలో కొల్లాయి కట్టారు. అటువంటి కథకు దుస్తుల బహుమతి రావడంలో చమత్కారం లేకపోలేదు. కాని ఆ పని తేలిక కాదు. గాంధీజీని కళ్ళారా చూసినవారు ఇంకా లక్షల సంఖ్యలో జీవించి ఉన్న రోజులవి. ధోవతి మడత తప్పినా వారు ఇట్టే పట్టుకోగలరు. ముతక ఖద్దరు నిన్న దర్జీ కుట్టి ఇచ్చినట్లు కాక, ఏళ్ళ తరబడి ఉతికి ఎండవేసినట్లు ఉండాలి. ప్రేక్షకుడి చూపు మనిషిని వదిలి దుస్తులపై నిలిచిందా, పడిన శ్రమంతా వ్యర్థమే. కొల్హాపూర్‌లో పుట్టి, బొంబాయి జె.జె. కళాశాలలో చిత్రకళ అభ్యసించి, 'సి.ఐ.డి.' (1956) వంటి చిత్రాల తారలను అలంకరించిన చేయి ఈ నిరాడంబరతను సాధించింది. ఆమె ప్రతిభకు అసలు నిదర్శనం ఇదే.

ఆ ప్రతిమను దాదాపు మూడు దశాబ్దాలు తన వద్దే ఉంచుకున్న భాను అథయ్య, 2012లో దాన్ని తిరిగి అమెరికాలోని అకాడమీకి అప్పగించారు. ఆస్కార్‌ను అమ్మదలచిన విజేత ముందుగా అకాడమీకే ఒక్క డాలరుకు ఇవ్వజూపాలన్న షరతు ఒకటి చాలాకాలంగా ఉంది. ఆమెది అమ్మకం కాదు, దాచి ఉంచమన్న అభ్యర్థన. తన తర్వాత స్వదేశంలో దాన్ని కాపాడేదెవరన్నదే ఆమె బెంగ. రవీంద్రుని నోబెల్ పతకమే 2004లో శాంతినికేతనం నుంచి దొంగల పాలైందని ఆమె గుర్తు చేశారు.

దేశానికి దక్కిన గౌరవాన్ని దేశం దాటించడమేమిటని నొచ్చుకోవడం సులభం. అయితే మన తొలి టాకీ 'ఆలం ఆరా' (1931) ప్రతి ఒక్కటైనా నేడు దొరకదు. 2003లో పూనాలో సంభవించిన అగ్నిప్రమాదంలో అపురూపమైన పాత చిత్రాలెన్నో బూడిదయ్యాయి. ఇంతటి నిర్లక్ష్యాన్ని ఎరిగిన కళాకారిణి తీసుకున్న నిర్ణయాన్ని తప్పుపట్టే అర్హత ఎవరికుంది?

2020 అక్టోబరు 15న, 91 ఏళ్ళ వయస్సులో, ముంబైలో ఆమె కన్నుమూశారు. బొమ్మ అప్పటికే సముద్రాల కావల భద్రంగా ఉంది.