వాయించి చూడండి

మా ఇంట్లో టీవీ పక్కన అద్దాల పెట్టెలో ఒక చిన్న బొబ్బిలి వీణ ఉంది. మూరెడు కూడా ఉండదు. పోయిన ఏడాది హ్యాకథాన్‌లో మా టీమ్‌కి ఫస్ట్ ప్రైజ్ వచ్చినప్పుడు మెమెంటోగా ఇచ్చారు. సంక్రాంతి సెలవుల్లో పక్కింటి పాప ఆ పెట్టె తెరిచి, తీగలు మీటి చూసి, "అక్కా, ఇది పలకట్లేదేటి?" అని అడిగింది.

"అది వాయించడానికి కాదే, షోకి" అన్నాను. అనేసి గదిలోకి వచ్చాక ఆ మాట నాకే గుచ్చుకుంది.

ఎందుకంటే ఆ ప్రైజ్ తెచ్చిన ప్రాజెక్ట్ కూడా షోకే. ఆకు ఫోటో తీస్తే తెగులు పేరు చెప్పే యాప్ మాది. రాత్రి రెండింటికి మోడల్ దేన్ని చూపించినా ఒకే తెగులు పేరు చెబుతోంది. తెల్లారితే డెమో. అప్పుడు మేం చేసిన పని ఇది: నాలుగు ఫోటోలు ఎంచుకున్నాం, ఆ నాలుగు ఫైళ్ళ పేర్లకి నాలుగు జవాబులు కోడ్‌లో రాసేశాం. పొద్దున్న జడ్జీల ముందు ఆ నాలుగు ఫోటోలే అప్‌లోడ్ చేశాం. నాలుగూ కరెక్ట్. చప్పట్లు కొట్టారు. "బయటికెళ్ళి ఇంకో ఆకు కోసుకురామ్మా" అని ఒక్కరైనా అంటారేమోనని నా గుండె కొట్టుకుంటూనే ఉంది. ఎవరూ అనలేదు.

ఈ సంగతి ఇప్పుడెందుకు చెబుతున్నానంటే, మధ్యలో ఒక మాండలిన్ మేకర్ కథ చదివాను.

అదీ మా నాన్నమ్మ వల్లే. రోజూ సాయంత్రం ఫోన్‌లో మాండలిన్ శ్రీనివాస్ కచేరీ పెట్టించుకుంటుంది. ఒకరోజు "ఏటే, ఆ వాయిద్యం మనది కాదంట గదా, మరి అంత బాగా ఎలా పలుకుతాది?" అంది. నాకు తెలీదు. ఇంగ్లీష్ మీడియం పిల్లని, వెతకడం తప్ప ఏం చేస్తాను? వెతుకుతూ వెతుకుతూ ఆర్విల్ గిబ్సన్ అనే ఆయన దగ్గర ఆగాను.

గిబ్సన్ అంటే మనకి గిటార్ బ్రాండ్. కానీ ఆ పేరు ముందు ఒక మనిషిది. 1856లో న్యూయార్క్ రాష్ట్రంలో పుట్టి, మిషిగన్‌లోని కాలమజూ ఊరికి వచ్చాడు. అక్కడ చెప్పుల షాపులో గుమాస్తాగా కూడా పనిచేశాడు. మిగిలిన టైమ్‌లో మాండలిన్లు, గిటార్లు చేసేవాడు. అప్పట్లో మాండలిన్ అంటే ఇటలీ పద్ధతి: సన్నటి చెక్క బద్దలు వంచి, పక్కపక్కనే అతికించి, సగం కోసిన పుచ్చకాయలా వెనకభాగం చేసేవాళ్ళు. దాని మీద పల్చటి పలక. తరతరాలుగా అందరూ అలాగే చేస్తున్నారు, అది అలాగే చెయ్యాలని అనుకుంటున్నారు.

గిబ్సన్ వయొలిన్ వైపు చూశాడు. వయొలిన్ పైపలక వంచింది కాదు, చెక్కింది. మందపాటి చెక్క తీసుకుని, మధ్యలో ఉబ్బుగా, అంచుల వైపు పల్చగా వచ్చేలా ఉలితో చెక్కుతారు. మాండలిన్‌ని అలా ఎందుకు చెయ్యకూడదు అనుకున్నాడు, చేశాడు. 1898 ఫిబ్రవరి 1న దానికి పేటెంట్ వచ్చింది. నంబర్ 598,245. ఆ పేటెంట్ ఎవరైనా చదవొచ్చు, కొన్ని పేజీలే. మన ల్యాబ్ రికార్డ్ కంటే చిన్నది.

అందులో ఆయన వాదన నాకు అర్థమైనంత వరకు ఇది: మాండలిన్లని మరీ ఎక్కువ ముక్కలతో అతుకుతున్నారు, అందుకే నాదం సరిగా రావట్లేదు. కాబట్టి పక్కగోడలు, మెడ అన్నీ గట్టి చెక్కలోంచే కోసి తీయాలి, పలకలు చెక్కాలి, లోపల ఆసరా బద్దలు ఏవీ ఉండకూడదు. చెక్కని వంచకుండా, చెట్టులో దాని పోగు ఎలా ఉందో అలాగే ఉంచాలి. మెడని కూడా కొంత బోలుగా చేస్తే నాదానికి ఇంకాస్త చోటు దొరుకుతుంది.

ఇది చదవగానే నాకు మా జిల్లా గుర్తొచ్చింది. బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో వీణలు చేస్తారు. ఒకే పనస మొద్దులోంచి కుండ, దండి కలిపి తొలిచే వీణని ఏకాండి వీణ అంటారు. అతుకు లేకపోతే నాదం బాగుంటుందని మనవాళ్ళూ నమ్ముతారు. ఈయనకి వాళ్ళు తెలీదు, వాళ్ళకి ఈయన తెలీదు. అయినా చెక్క ముందు కూర్చున్నవాళ్ళకి వచ్చిన ఆలోచన ఒకటే.

ఇప్పుడు అసలు సంగతి. గిబ్సన్ థియరీలో సగం నిలబడలేదు. 1902లో కాలమజూ వ్యాపారస్తులు ఐదుగురు ఆయన పేటెంట్ కొని కంపెనీ పెట్టారు. ఆ కంపెనీయే కొన్నేళ్ళకి గట్టి చెక్కలోంచి పక్కగోడలు కోయడం మానేసి, అందరిలాగే వంచడం మొదలుపెట్టింది. బోలు మెడ కూడా పోయింది. వంచిన చెక్క పలకదు అన్న ఆయన నమ్మకం తప్పని ఆయన పేరు మీద ఉన్న కంపెనీయే చేసి చూపించింది.

కానీ చెక్కిన పలక నిలబడింది. కారణం మన సివిల్ ఫ్రెండ్స్‌కి ఇట్టే అర్థమవుతుంది. ఆర్చ్ తక్కువ బరువుతో ఎక్కువ భారం మోస్తుంది. తీగల ఒత్తిడి బ్రిడ్జ్ మీదుగా కిందికి నొక్కుతున్నా ఉబ్బు పలక కుంగదు, అదే సమయంలో అంచు దగ్గర పల్చగా ఉంటుంది కాబట్టి బాగా కంపిస్తుంది. ఇప్పటికీ పెద్ద పెద్ద మేకర్లు చేతితో చేసే మాండలిన్లలో స్ప్రూస్ పైపలక, మేపుల్ వెనకపలక ఇలాగే చెక్కుతారు. కొంచెం చెక్కడం, వేలితో తట్టి వినడం, మళ్ళీ కొంచెం చెక్కడం. మిల్లీమీటర్‌లో చిన్న భాగం దగ్గర ఆగాలో వద్దో చెవి చెబుతుంది.

థియరీ తప్పు. మాండలిన్ మాత్రం పలికింది. మాది రివర్స్. మా పీపీటీలో థియరీ అంతా కరెక్ట్. ఆర్కిటెక్చర్ బొమ్మ కరెక్ట్, రిఫరెన్స్‌లు కరెక్ట్, వస్తువు మాత్రం పలకలేదు. తేడా ఎక్కడుంది? ఆయన దాన్ని వేరేవాళ్ళ చేతికి ఇచ్చాడు. వాయించేవాడి చేతిలో మాండలిన్ అబద్ధం చెప్పలేదు. తీగ మీటితే వస్తుంది, లేకపోతే రాదు. ఆయన చేసింది వేరేవాళ్ళ చేతుల్లోకి వెళ్ళింది కాబట్టే ఏది తప్పో తేలింది, మంచిది మిగిలింది. మేం మా యాప్‌ని ఎవరి చేతికీ ఇవ్వలేదు. ఫోన్ మేమే పట్టుకున్నాం.

ఆ తర్వాత కథ కూడా చిన్నగా చెబుతాను. 1919లో లాయిడ్ లోర్ అనే ఆయన ఆ కంపెనీలో చేరాడు. పలక మధ్యలో కోలగా ఉండే రంధ్రం తీసేసి, వయొలిన్‌లో ఉన్నట్టు రెండు ఎఫ్ ఆకారం రంధ్రాలు పెట్టించాడు. 1922లో వచ్చిన ఆ మోడల్ పేరు ఎఫ్-5. పాపం, అది వచ్చేసరికి అమెరికాలో మాండలిన్ పిచ్చి తగ్గిపోయింది. పెద్దగా అమ్ముడవలేదు. 1924 చివర్లో లోర్ వెళ్ళిపోయాడు. మన భాషలో ఫ్లాప్. ఇరవై ఏళ్ళ తర్వాత, 1940ల్లో, బిల్ మన్రో అనే పాటగాడు ఫ్లోరిడాలో ఒక మంగలి షాపులో అమ్మకానికి పెట్టిన మాండలిన్ చూసి 150 డాలర్లకి కొన్నాడు. అది లోర్ 1923 జూలై 9న సంతకం చేసిన ఎఫ్-5. బ్లూగ్రాస్ అనే సంగీతం లోకానికి తెలిసింది దాని మీదే. అప్పట్లో ఎవరూ పెద్దగా కొనని మోడల్‌కే ఇప్పుడు మేకర్లు కొలతలు తీసుకుని కాపీలు చేస్తున్నారు. ఆ రోజు జడ్జీలు ఎవరైనా మార్కులు వేసి ఉంటే లోర్‌కి కన్సొలేషన్ కూడా వచ్చేది కాదేమో. కానీ వాయించి చూసినవాడికి తెలిసింది.

ఇక మా నాన్నమ్మ ప్రశ్నకి జవాబు. మాండలిన్‌కి మామూలుగా ఎనిమిది తీగలు, నాలుగు జతలు. జతలో రెండూ ఒకే స్వరానికి శ్రుతి చేస్తారు. గమకం కోసం తీగని పక్కకి లాగితే రెండూ ఒక్కలా కదలవు, స్వరం చెదురుతుంది. 1969లో పాలకొల్లులో పుట్టిన శ్రీనివాస్ గారు ఆరేళ్ళప్పుడు వాళ్ళ నాన్నగారి మాండలిన్ చేతిలోకి తీసుకున్నారు. తర్వాత జతలు తీసేసి, ఐదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండలిన్‌కి మారారు. మాండలిన్ శబ్దం తొందరగా ఆరిపోతుంది కదా, ఆంప్లిఫయర్ దాన్ని కాసేపు నిలబెట్టింది. గిబ్సన్ అంత తపన పడిన బోలు పెట్టె మీద ఆయన ఆధారపడనే లేదు! అయినా గిబ్సన్ చేసిన పనే ఆయనా చేశారు. ఇది ఇలాగే ఉండాలి అన్న మాటని పక్కన పెట్టి, నా చేతిలో ఇది ఎలా పలుకుతోంది అని విన్నారు. అందుకే నాన్నమ్మా, అది మనది కాకపోయినా మనలా పలుకుతుంది.

మీలో కొందరు అంటారు: "హ్యాకథాన్ అంటేనే ప్రోటోటైప్ కదా, 24 గంటల్లో ఎవరు పూర్తిగా చేస్తారు? అయినా చేతిపని గొప్పలు ఇప్పుడెందుకు, లైబ్రరీలు లేకుండా కోడ్ రాస్తామా?" రెండూ నిజమే. గిబ్సన్ ఒక్కడే ఎన్ని చెయ్యగలడు? ఫ్యాక్టరీ పెట్టాకే ఆయన ఆలోచన ఊరూరా వెళ్ళింది. నేను మెషీన్లు వద్దు అనట్లేదు. ప్రోటోటైప్ అన్నది ప్రోటోటైప్ అనే చెప్పాలి అంటున్నాను. మా ఇంట్లో ఆ చిన్న వీణే చూడండి. అది అద్దాల పెట్టెలో ఉంటుంది, గిఫ్ట్ వీణ అని చెప్పే అమ్ముతారు. అది ఎవర్నీ మోసం చెయ్యట్లేదు. మేం పలకని దాన్ని పలుకుతుందని చెప్పాం. ఆ మెమెంటో మా ప్రాజెక్ట్ కంటే నిజాయితీ గలది.

ఇంకో విషయం దాచకూడదు. ఆ రోజు సెకండ్ ప్రైజ్ వచ్చిన టీమ్ హాస్టల్ ట్యాంక్ నిండితే మోగే అలారం చేసింది. వైర్లు వేలాడుతున్నాయి, అట్టపెట్టెలో సర్క్యూట్. డెమోలో ఒకసారి మోగలేదు, మళ్ళీ పెడితే మోగింది. జడ్జీలు మొహం చిట్లించారు. ఆ అట్టపెట్టె ఇప్పటికీ మా హాస్టల్ మీద ఉంది. పొద్దున్నే దాని మోత వినే నేను లేస్తాను. రోజూ.

మొన్న మా టీమ్ ముగ్గురం కూర్చుని మాట్లాడుకున్నాం. ఈ ఆర్టికల్ రాస్తానంటే ఒకరు వెంటనే ఒప్పుకున్నారు, ఇంకొకరు వారం రోజులు నాతో మాట్లాడలేదు, తర్వాత "రాయి, పేర్లు మాత్రం వద్దు" అన్నారు. ప్రైజ్ డబ్బు ఐదు వేలు. అది ఆ అలారం టీమ్‌కి చేరాలని ఆర్గనైజర్లకి మెయిల్ పెట్టాం. ఇంకా రిప్లై రాలేదు.

నా ఒపీనియన్ ఒక్కటే. మన కాలేజీలో ప్రతి డెమోలో రెండు నిమిషాలు ఫోన్ గానీ ల్యాప్‌టాప్ గానీ టీమ్ చేతిలో ఉండకూడదు. ఎదుటివాళ్ళ చేతిలో ఉండాలి. వాళ్ళకి ఇష్టమైన ఇన్‌పుట్ వాళ్ళు ఇవ్వాలి. రిపోర్ట్‌లో 'ఏది పనిచెయ్యలేదు' అని ఒక పేజీ ఉండాలి, దానికి మార్కులు ఉండాలి. ఆ పేజీకి మార్కులుంటే ఆ రాత్రి రెండింటికి మేం ఇంకోలా ఆలోచించేవాళ్ళమేమో. తప్పు మాదే, రూల్‌ది కాదు. కానీ తలుపు తీసి ఉంచినవాళ్ళకీ కాస్త బాధ్యత ఉంటుంది.

పాత కోడ్ మళ్ళీ తెరిచాను. ఫైల్ పేర్లతో రాసిన ఆ నాలుగు లైన్లు తీసేశాను. మా పెరట్లో మిరప, టమాటా మొక్కల నుంచి ఇరవై ఫోటోలు తీసి పెట్టాను. తొమ్మిదింటికే కరెక్ట్‌గా చెప్పింది. మా నాన్నమ్మ ఆకు చూడగానే అంతకంటే ఎక్కువ చెబుతుంది. అయినా ఈ తొమ్మిదీ మా తొమ్మిది. క్యాంటీన్ దగ్గర కనబడితే ఆపండి, ఫోన్ మీ చేతికే ఇస్తాను. ఆకు మీరే తెచ్చుకోండి.