బడిబస్సులు - అగ్నిభయము

పాఠశాలల బస్సులలో శీతలయంత్రమువలన నిప్పు పుట్టు ప్రమాదము కలదని తేలినప్పుడు, అమెరికా దేశమున ఆ బస్సులను చేసిన కంపెనీలే ఆ సంగతిని బహిరంగముగా ప్రకటించి, బండ్లను వెనుకకు పిలిపించి, తమ ఖర్చుతో బాగుచేసి యీయవలసి యున్నది. ఇది కంపెనీల యౌదార్యము కాదు. 1966లో ఆ దేశము చేసికొన్న వాహనరక్షణ చట్టము యొక్క ఫలము. బండి కాలిన పిమ్మట విచారణకు పూనుకొనుటకంటె, తీగ కాలకముందే మరమ్మతు చేయించుట మేలని దాని సారాంశము.

మనకట్టి చట్టము లేదా? కలదు. 2019లో మోటారు వాహనముల చట్టమును సవరించి 110ఎ సెక్షనును చేర్చిరి. ప్రయాణికులకు హానికరమగు లోపము బయటపడినచో, బండ్లను వెనుకకు రప్పింపుమని ఉత్పత్తిదారుని శాసించు నధికారము కేంద్రప్రభుత్వమునకు గలదు. లోప మొక్క విడిభాగమునందే యున్నను, ఆ భాగముగల బండ్లన్నిటిని రప్పింపవచ్చును. క్రొత్త బడిబస్సులలో పిల్లలు కూర్చుండు చోట నిప్పును కనిపెట్టి హెచ్చరించు సాధనము లుండవలెనని 2022 జనవరిలో ప్రకటించిరి.

కాని మన చిక్కు వేరొకచోట నున్నది. కంపెనీనుండి వచ్చునది తరచుగా ఛాసీ మాత్రమే. దానిపై బాడీ కట్టువా డొకడు. కొంతకాలమునకు శీతలయంత్రమును బిగించువాడు మరియొకడు. ఆ యంత్రపు ఫ్యానులకు విద్యుత్తు హెచ్చుగా కావలెను. సన్నని తీగ వేడెక్కినను, తీగ రేకునకు రాచుకొని పైతొడుగు అరిగినను, తగిన ఫ్యూజు లేకున్నను, మంటకు వేరొక నిప్పురవ్వ యక్కరలేదు. పైకప్పులోని స్పాంజి దాని కాహారము. బిగించిన అద్దములు పొగను బయటికి పోనీయవు. మన మెట్టప్రాంతపు దుమ్ము యంత్రమును కప్పివేయుటచే దానికి శ్రమ మరింత హెచ్చును.

2025 అక్టోబరు 14న రాజస్థానమున జైసల్మేరు సమీపమున నొక శీతల బస్సు తగులబడి ఇరువదిమందికి పైగా మరణించిరి. సాధారణపు బస్సునకు తరువాత శీతలయంత్రము నమర్చిరనియు, దాని విద్యుత్తీగలలోని లోపమే కారణము కావచ్చుననియు వార్తలు వచ్చినవి. వానకొరతయందు జైసల్మేరు తరువాత మన అనంతపురమును పేర్కొనుట వాడుక. ఆ పోలిక వానతోనే యాగుగాక!

అయితే నిప్పు మనకు దూరమున లేదు. గుత్తి, అనంతపురము, పెనుకొండలమీదుగా బెంగుళూరునకు పోవు రాజమార్గముననే, 2013 అక్టోబరు 30న పాలెమువద్ద 45 మంది బస్సులో నాహుతియైరి. 2025 అక్టోబరు 24న కర్నూలు చెంత చిన్నటేకూరువద్ద 19 మంది ప్రయాణికులు మరణించిరి. అచ్చట నిప్పునకు మూలము బస్సుక్రింద చిక్కిన మోటారుసైకిలే. అయినను శీతలయంత్రపు బ్యాటరీలును పేలినవని అగ్నిమాపకశాఖవారు చెప్పిరి.

రిజిస్ట్రేషను పత్రమునకు భిన్నముగా బండిని మార్చుట చట్టవిరుద్ధము. అట్లు మార్చిన యజమానికి ఆరునెలలవరకు ఖైదో, ఒక్కొక్క మార్పునకు 5,000 రూపాయల జుల్మానాయో, రెండునో విధింపవచ్చును. యజమానిని దండించినంతమాత్రమున, అదే కార్ఖానాలో అదేవిధముగా తీగలు లాగిన తక్కిన బండ్లు బాగుపడునా? కంపెనీకిగల బాధ్యతయే యంత్రము నమర్చిన వానికిని ఉండవలెను. ఎవ రే బండికి బిగించిరో రవాణాశాఖ పట్టీ వ్రాసి యుంచవలెను. ఒకదానిలో లోపము కనబడిన వెంటనే తక్కినవానినన్నిటిని పిలిపింపవలెను.

ప్రభుత్వము కదలువరకు మనము చేతులు ముడుచుకొని కూర్చుండ నక్కరలేదు. వేరుసెనగ యమ్మి ఫీజు కట్టు రైతును, పట్టణమందలి ఉద్యోగియు జూనులో బడులు తెరవకముందే పాఠశాలాధికారుల నడుగవలసిన ప్రశ్నలు మూడు: ఈ శీతలయంత్రమును ఎవరు బిగించిరి? రిజిస్ట్రేషను పత్రమున నది యున్నదా? వెనుకద్వారము లోపలినుండి పిల్లవాని చేతికి తెరచుకొనునా? బిడ్డలకు చల్లదనము నిత్తుమని ఫీజు పుచ్చుకొనువారు ఈ మూటికి ప్రత్యుత్తర మీయలేనిచో, ఆ యంత్రమును విప్పించి కిటికీలు తెరచుటయే శ్రేయస్కరము. మన ఎండకు బిడ్డలు చెమటోర్చినను క్షేమముగా ఇల్లు చేరుదురు.