తోడు కావాలా అని ఏ భాషలో అడుగుతారు?

ఆసుపత్రిలో చేరిన మనిషి మంచం దిగబోయి పడితే మనవాళ్లు "కాలు జారింది, ఏం చేస్తాం" అని సరిపెట్టుకుంటారు. నేను సరిపెట్టుకోలేను. ఆ పడటానికి కారణాలు ముందే కూడి ఉంటాయి, చాలావరకు కనిపెట్టదగినవే. హోసూరు, బళ్లారి, రాయగడ, సిరోంచ ప్రాంతాల్లోని మన కుటుంబాలకు వాటిపైన మరొకటి అదనం. అది భాష.

వయసు పైబడటం, అంతకుముందు ఒకసారి పడి ఉండటం, నాలుగు రోజులు మంచం పట్టేసరికి కాళ్లలో బలం తగ్గటం, నిద్రమాత్రలు, రక్తపోటు మాత్రలు, మూత్రం ఎక్కువగా పోయించే మందులు. పడుకున్నవారు చటుక్కున లేచి నిలబడగానే రక్తపోటు పడిపోయి కళ్లు బైర్లు కమ్మటం. చేతికి సెలైను గొట్టం, ఇంట్లో మరచి వచ్చిన కళ్లజోడు, తడిసిన గచ్చు. ఇవన్నీ ఒక్కచోట కలిసేది రాత్రివేళ, మరుగుదొడ్డి దారిలో. ఎవరినీ పిలవలేక, పిలవటానికి మొహమాటపడి, ఒంటరిగా లేచినప్పుడు. మంచానికి రెండు వైపులా కమ్మీలు ఎత్తితే చాలుననుకోవటం భ్రమ. మతి తప్పిన రోగి వాటిని దాటబోతే ఇంకా ఎత్తునుంచి పడతాడు.

జానిస్ మోర్స్ అనే నర్సింగ్ పరిశోధకురాలు 1980లలో రూపొందించిన కొలమానాన్ని నేటికీ ఎన్నో ఆసుపత్రులు వాడుతున్నాయి. ఆరు అంశాలు, మొత్తం 125 మార్కులు. ఇటీవల పడి ఉంటే 25, సెలైను ఎక్కుతుంటే 20. ఆరో అంశం రోగి తన శక్తిని తాను ఎరుగునా లేదా అన్నది, దానికి 15. అది తేల్చటానికి నర్సు అడగవలసిన ప్రశ్న చాలా చిన్నది: మరుగుదొడ్డికి ఒక్కరే వెళ్లగలరా, తోడు కావాలా? ఈ ప్రశ్నను తెలియని భాషలో అడిగితే మన ముసలమ్మ ఏం చేస్తుంది? మర్యాదకు తల ఊపుతుంది. ఆ ఊపు "వెళ్లగలను" అన్నదానికో, "తోడు కావాలి" అన్నదానికో ఎవరు చెప్పగలరు? ఈ రోజు ఏ వారమని అడిగితే బదులు రాని మనిషికి మతి తప్పిందో, ప్రశ్నే అర్థం కాలేదో ఎలా తెలుస్తుంది?

మా పెద్దమ్మ తమిళనాట ఒక ఆసుపత్రిలో ఉండగా "కండ్లు తిరుగుతున్నాయి" అన్నది. నర్సు అందులో కన్ను అన్నంతవరకే పట్టుకొని, పొద్దున కంటి డాక్టరు వస్తారని చెప్పి వెళ్లింది. ఆ రాత్రే పెద్దమ్మ పడి తుంటి ఎముక విరిగింది. ఆ అమ్మాయి మీద నాకు కోపం లేదు; అంత పెద్ద వార్డుకు ఆమె ఒక్కతే.

ఇంగ్లండులోని నైస్ సంస్థ 2013లో, ఇలా మార్కులు వేసి జోస్యం చెప్పవద్దని, 65 ఏళ్లు నిండిన ప్రతి రోగినీ ప్రమాదంలో ఉన్నట్టే ఎంచి ఒక్కొక్కరి కారణాలు విచారించమని సూచించింది. నాకు అదే సబబనిపిస్తుంది. అయితే విచారించటానికైనా మాట కలవాలి కదా!

జాతీయ మానవ హక్కుల సంఘం 2018లో సిద్ధం చేసిన రోగుల హక్కుల పత్రం, రోగికి తెలిసిన భాషలోనే వివరాలు చెప్పాలంటున్నది. దాన్ని పట్టుకొని మనం అడగవలసింది పెద్ద కోరికేమీ కాదు. ప్రతి మంచం దగ్గర ఒక అట్ట. "తల తిరుగుతోందా?", "మరుగుదొడ్డికి వెళ్లాలా?", "నేను వచ్చేదాకా లేవకండి" వంటి పది తెలుగు వాక్యాలు, నర్సు చదువుకొనే లిపిలో. యానాం వారికి తమ ఊళ్లో ఈ ఇబ్బంది లేదు, పుదుచ్చేరి పంపినప్పుడే. శ్రీకాకుళంలో చేరిన ఒడియా తల్లికీ, చిత్తూరులో చేరిన తమిళ తాతకూ అటువంటి అట్టే ఉండాలి. ఒకవైపే అడిగితే మన మాటకు బరువుండదు.

అంతవరకు తోడున్నవారు చేయవలసినవి ఉన్నాయి. ఇంతకుముందు పడి ఉంటే దాచకండి, ఇదేమీ పెళ్లి సంబంధం కాదు. మందుల చీటీలన్నీ చూపండి. పడుకొనేముందు ఒకసారి మరుగుదొడ్డికి తీసుకెళ్లండి. లేచేటప్పుడు కాసేపు మంచం అంచున కాళ్లు వేలాడేసి కూర్చోబెట్టి, తల తిరగటం లేదని తెలిశాకే చేయి పట్టి నిలబెట్టండి. మీరు టీకి వెళ్తూ పక్క మంచం వారితో ఒక మాట చెప్పి వెళ్లండి.