బుల్బుల్‌కు కావలసింది పంజరం కాదు, గుట్ట

ఉర్దూ గజల్లో బుల్బుల్ లేని తోట ఉండదు. ముషాయిరాలో ఆ పేరు వినబడగానే 'వాహ్వా' అంటాం. నిజానికి ఆ బుల్బుల్ మన పిట్ట కాదు. ఇరాన్ తోటల్లో పాడే పక్షి అది. ఫార్సీ కవిత్వంతో పాటు దాని పేరు మనదాకా వచ్చి, ఇక్కడి మరో పక్షికి స్థిరపడింది. ఆ పక్షినే తెలుగులో పిగిలిపిట్ట అంటారు. కవిత్వంలోని బుల్బుల్ కోసం నిట్టూర్చే మనం, మన గుట్టల మీది బుల్బుల్ సంగతి ఎన్నడైనా పట్టించుకున్నామా?

పిగిలిపిట్టలన్నిటికీ ఆపద లేదు. తోక కింద ఎర్రగా ఉండేది మన పెరట్లోనే తిరుగుతుంది. ఆపదలో ఉన్నది పసుపు గొంతు పిగిలిపిట్ట. ప్రపంచంలో మరెక్కడా లేకుండా దక్షిణ భారతంలో మాత్రమే ఉంటుంది. నెల్లూరులో వైద్యుడిగా పనిచేసిన జెర్డన్ 1845లో దీన్ని శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. మదనపల్లె దగ్గరి హార్స్‌లీ కొండలు, నల్లమల దీని నివాసాలు. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం దీనిని ముప్పున్న జాతుల జాబితాలో చేర్చింది.

ముప్పు ఎక్కడి నుంచి? ఈ పిట్ట పెద్ద చెట్ల అడవిని కోరదు. రాతిగుట్టలు, వాటి సందుల్లో ముళ్లపొదలు, అడవి పండ్లు, పురుగులు - దీనికి ఇవే చాలు. మన దృష్టిలో అదంతా బంజరు. అందుకే అక్కడ క్వారీలు వెలుస్తాయి, పొదలు వంటచెరకవుతాయి, ఎండాకాలం మంటలు లేస్తాయి. చెట్టు కొడితే మరో చెట్టు నాటవచ్చు. పగలగొట్టిన గుట్టను ఎవరు నాటగలరు?

ఈ ప్రశ్నకు జవాబు కావాలంటే జూబ్లీహిల్స్ చూడండి. ఇప్పుడు స్టూడియోలు, బంగళాలు ఉన్న చోట ఒకప్పుడు ఉన్నవి గ్రానైటు బండలు, తుప్పలే. ఆనాటి నేల ఎలా ఉండేదో తెలిపే తునక ఒకటి మిగిలింది. అది 1998లో జాతీయ ఉద్యానవనంగా ప్రకటించిన కాసు బ్రహ్మానందరెడ్డి పార్కు. 400 ఎకరాల లోపు స్థలం. పసుపు గొంతు పిట్ట అక్కడ దొరుకుతుందని కాదు. దాని బంధువులైన మామూలు పిగిలిపిట్టలు, నెమళ్లు అలాంటి బండల మధ్యే బతుకుతున్నాయి. ఆ తునకకైనా నిశ్చింత ఉందా? 2016లో చుట్టూ వంతెనల కోసం 3 వేలకు పైగా చెట్లు కొట్టే ప్రతిపాదన వస్తే పౌరులు రోడ్డెక్కవలసి వచ్చింది. 2020లో కేంద్రం ప్రకటించిన రక్షణ వలయం కొన్నిచోట్ల 3 మీటర్లే!

పిట్టల మీద మనకు ప్రేమ లేదనలేం. కాని ఆ ప్రేమ దారి తప్పింది. కొందరు లాల్ మునియాను పంజరంలో పెట్టి ముచ్చట పడతారు. మరికొందరు సదకా పేరుతో పిట్టలను కొని ఎగరేస్తారు. మన దేశపు అడవి పిట్టలను పట్టి అమ్మడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. అది అలా ఉంచండి. మనం ఒక పిట్టను కొని వదిలితే వేటగాడు రేపటి గిరాకీ కోసం మరో వల వేస్తాడు. విడుదల చేసింది ఒకదాన్ని, పట్టించింది ఇంకెన్నిటినో! ఒక ప్రయాణంలో సహచరులు పిట్ట పిల్లలను తీసుకుంటే, తల్లి తల్లడిల్లడం చూసి దైవప్రవక్త (స) వాటిని తిరిగి ఇచ్చేయమన్నారని హదీసు. వాటి చోటికి వాటిని చేర్చడమే అక్కడి ధర్మం. చోటే లేకుండా చేశాక, చేర్చేది ఎక్కడికి?

'రాయి కొట్టే కూలీ పొట్ట మాటేమిటి?' అని అడిగేవారుంటారు. న్యాయమైన ప్రశ్నే. కాని గుట్ట కరిగిపోయినా ఆ కూలీ ఇల్లు పూరిల్లుగానే ఉంటుంది, లాభం లీజుదారుడిది. కూలీకి మరో పని చూపడం ప్రభుత్వ బాధ్యత. ప్రతి గుట్టనూ కాపాడమని ఎవరూ అనడం లేదు. అరుదైన పిట్టలున్న గుట్టలను సర్వే చేసి, వాటికి మాత్రం లీజులు ఇవ్వవద్దనడం గొంతెమ్మ కోరిక కాదు.

అటువంటి సర్వే మనకు కొత్త కూడా కాదు. సలీం అలీ 1931-32లో హైదరాబాద్ సంస్థానమంతటా తిరిగి పక్షులను నమోదు చేశారు. చిన్నప్పుడు తాను కొట్టిన పిచ్చుక గొంతు మీద పసుపు మచ్చ కనిపిస్తే, అది తినదగినదా కాదా అన్న సందేహంతో ఆయన పక్షుల లోకంలోకి అడుగుపెట్టారు. ఒక ముస్లిం ఇంటి పిల్లవాడి సందేహం దేశానికి ఒక శాస్త్రవేత్తను ఇచ్చింది. మన పిల్లలకు ఆయన పేరైనా చెబుతున్నామా?

ఈ శుక్రవారం నుంచి మూడు పనులు చేద్దాం. పంజరం కోసం గాని, పుణ్యం కోసం గాని అడవి పిట్టను కొనవద్దు. సదకా డబ్బు ఆకలిగొన్న మనిషికి ఇద్దాం. మన ఊరి గుట్టకు లీజు నోటీసు వస్తే, ప్రజాభిప్రాయ సేకరణకు వెళ్లి అభ్యంతరం రాసి ఇద్దాం. గజల్లో బుల్బుల్ ఎప్పటికీ ఉంటుంది. గుట్ట మీది బుల్బుల్ ఉండేదీ లేనిదీ మాత్రం మన చేతిలో ఉంది.