పెద్ద టార్చ్ కాదు, జాయింట్ దాకా పోయే టార్చ్ కొందాం



మన పిలకాయలు నలుగురికి వెల్డింగ్ సామాన్లు కొనిపెట్టాలని పోయిన కూటంలో తీర్మానం చేసినాము. మంచి తీర్మానం. కొటేషన్ కూడా వచ్చింది. దాంట్లో "టిగ్ టార్చ్, 200 ఆంపియర్, 4" అని ఒకే వరస ఉంది. ఆ వరసను అట్లే ఉంచి డబ్బు కట్టకూడదని నా అభిప్రాయం. ఎందుకో చెప్తాను, కొంచెం ఓపికగా చదవండి.

నేను వెల్డర్‌ను కాను. అరవ బడిలో చదువుకుని, పొన్మలై రైల్వే వర్క్‌షాపు ఆఫీసులో ఇండెంట్లు రాసి రిటైరైన గుమాస్తాను. ఆ ఉద్యోగం నాకు నేర్పింది ఒకటే. ఇండెంట్‌లో ఏది రాస్తే అదే వస్తుంది, రాయనిది రాదు. "టార్చ్" అని రాస్తే టార్చ్ వస్తుంది. అది జాయింట్ దగ్గరికి పోతుందా పోదా అని అంగడివాడు అడగడు. వెల్డింగ్ సంగతులు మా మేనల్లుడి దగ్గర విన్నాను. వాడు బాయిలర్ ట్యూబుల పనిలోనే ఉన్నాడు.

మన తిరుచ్చి పిల్లలకు పని ఎక్కడ దొరుకుతుంది? బి.హెచ్.ఇ.ఎల్. చుట్టూ, తువాకుడి ఫ్యాక్టరీలలో, లేదా పవర్ ప్లాంట్లు షట్‌డౌన్ అయినప్పుడు బాయిలర్ లోపల. అక్కడ ట్యూబుకూ ట్యూబుకూ మధ్య చెయ్యి పెట్టడమే కష్టం. వెనక వైపు కనబడదు. అద్దం పెట్టుకుని, అందులో తిరగబడి కనిపించే జాయింట్‌ను చూస్తూ వెల్డింగ్ చేస్తారు. 6జి పరీక్షలో పైపును 45 డిగ్రీల వాలులో బిగిస్తారు, వెల్డర్ దాన్ని తిప్పడానికి లేదు. 6జిఆర్‌లో అయితే జాయింట్ పక్కనే ఒక రింగు పెట్టి, కావాలనే అడ్డం కల్పిస్తారు. పనితనం ఎంత ఉన్నా టార్చ్ తల అడ్డం తగిలితే ఆర్క్ సరైన కోణంలో నిలవదు. ఆ పిల్లవాడు పరీక్షలో ఫెయిల్ అయి ఇంటికొస్తాడు. మనమేమో "వీడికి చెయ్యి కుదరలేదు" అంటాము.

ఇప్పుడు టార్చ్ నంబర్ల సంగతి. గాలితో చల్లబడే వాటిలో 9 నంబరు సుమారు 125 ఆంపియర్లకు, 17 నంబరు 150కి, 26 నంబరు 200కి. నంబరు పెరిగేకొద్దీ తల లావు, బరువు కూడా. కొటేషన్‌లో ఉన్నది ఈ 26. "200 ఉంటే 100 కూడా చేస్తుంది కదా, పెద్దదే కొంటే పోలే" అని కూటంలో ఒక అన్న అన్నారు. లెక్క ప్రకారం ఆ మాట నిజమే. కానీ బాయిలర్ ట్యూబు రూట్ పాస్‌కు కావలసింది సుమారు 100 ఆంపియర్ల చుట్టుపక్కలే. దానికి 9 చాలు. మిగతా ఆంపియర్ల కోసం లావు తలను ఇరుకులో దూర్చడం, సందులోకి లారీ తోలినట్టు.

అయితే 9 నంబరును దాని హద్దు దాటి వాడకూడదు, వేడెక్కి పాడవుతుంది. ఆంపియర్ల పక్కన డ్యూటీ సైకిల్ కూడా చూడాలి. 60 శాతం అంటే 10 నిమిషాల్లో 6 నిమిషాలు వెల్డింగ్, 4 నిమిషాలు విశ్రాంతి. చిన్న తలతో ఎక్కువ కరెంటు కావాలంటే నీళ్లతో చల్లబడే 20 నంబరు ఉంది. తల 9 అంతే, 250 ఆంపియర్ల దాకా తట్టుకుంటుంది. కానీ దానికి కూలర్, నీళ్ల గొట్టాలు కావాలి. సారం ఎక్కి పనిచేసే పిల్లవాడు అవన్నీ మోసుకుపోలేడు. అందుకే మనకు 9 సరి.

టార్చ్‌తోపాటు మూడు చిన్న సామాన్లు రాయాలి.

ఒకటి, పొట్టి బ్యాక్ క్యాప్. పొడుగు క్యాప్ ఉంటే టార్చ్ వెనక జానెడు స్థలం కావాలి. పొట్టి క్యాప్‌తో ఆ ఎత్తు బాగా తగ్గుతుంది. టంగ్‌స్టన్‌ను మాత్రం చిన్నదిగా చేసుకోవాలి. కటింగ్ ప్లయర్‌తో విరిస్తే నిలువునా చీలుతుంది, గ్రైండింగ్ చక్రం మీద గాటు పెట్టి విరవాలి.

రెండు, గ్యాస్ లెన్స్. మామూలు కప్పులో టంగ్‌స్టన్ ఎక్కువ బయటికి పెడితే ఆర్గాన్ చెదిరి గాలి దూరుతుంది, జాయింట్‌లో బొక్కలు పడతాయి. గ్యాస్ లెన్స్ ఆర్గాన్‌ను నిలకడగా పంపుతుంది. అందువల్ల టంగ్‌స్టన్‌ను ఇంకొంచెం ముందుకు పెట్టి మూలలోకి అందుకోవచ్చు.

మూడు, వంగే మెడ. అద్దంలో చూసి చేసే పనికి అది చాలా ఉపయోగం. కానీ మాటిమాటికీ వంచితే లోపలి రాగి గొట్టం పగుళ్లిచ్చి గ్యాస్ కారుతుంది. అది కలకాలం ఉండే వస్తువు కాదని తెలిసే కొనాలి.

ఇంకొక చిక్కు. 9, 20 నంబర్ల విడిభాగాలు ఒకటే. 17, 18, 26 నంబర్లవి వేరే కుటుంబం. ఒకదాని కోలెట్ ఇంకొకదానికి ఎక్కదు. ఇండెంట్‌లో నంబరు రాయకపోతే డబ్బా నిండా పనికిరాని సామాను మిగులుతుంది.

ఖర్చు పెరుగుతుందని భయపడొద్దు. మెషిన్ ధర పక్కన ఇవన్నీ చిన్న ఖర్చే. కావాలంటే నాలుగు 26లకు బదులు ఒకటే 26 కొని, లావు ప్లేట్ల పనికి నలుగురూ మార్చి మార్చి వాడుకోనివ్వండి. 9 మాత్రం తలా ఒకటి ఉండాలి.

ఒక జాగ్రత్త కూడా పిల్లలకు చెప్పించాలి. టార్చ్ దూరే ఇరుకులోకి మనిషి కూడా దూరతాడు. ఆర్గాన్‌కు రంగు లేదు, వాసన లేదు, గాలికంటే బరువు. మూసిన డ్రమ్ములో, గుంటలో అడుగున చేరి ఊపిరి ఆడకుండా చేస్తుంది. గాలి ఆడే ఏర్పాటు లేకుండా, బయట ఒక మనిషి కాపలా లేకుండా లోపలికి దిగకూడదు.

కార్యదర్శి తమ్ముడికి నా మనవి. కొటేషన్ తిప్పి పంపి, ఈ విధంగా రాయించు: "టిగ్ టార్చ్ 9 నంబరు, వంగే మెడ, మెషిన్‌కు సరిపోయే కనెక్టర్‌తో, 4. పొట్టి క్యాప్, గ్యాస్ లెన్స్ సెట్లు, 4. టార్చ్ 26 నంబరు, 1." సంతకం పెట్టేముందు ఆ నలుగురినీ పిలిచి టార్చ్ చేతికిచ్చి పట్టించు. వాడేది వాళ్లు, మనం కాదు.