సరుగుడు కొమ్మ – చోళ్ల మొలక

పెరటి పాఠాలు



డిసెంబరు నెల వచ్చింది. పొద్దున్నే గడ్డిమీద మంచుబొట్లు, సాయంత్రం ఆరు కొట్టకముందే చీకటి. క్రిస్టమస్ చేసుకునే ఇళ్లముందు వెదురుబద్దలకు రంగుకాగితాలు అంటించి కట్టిన నక్షత్రాలు వెలుగుతున్నాయి. మీలో కొందరికి అది మీ ఇంటి పండుగ. మరికొందరికి పక్కింటి పండుగ. ఎవరింటి పండుగ అయితేనేం, గులాబీపువ్వుల రుచి అందరికీ ఒకటే గదా!

మన పండుగలలో పచ్చదనం లేని పండుగ ఏదన్నా ఉన్నదా? ఆలోచించి చూడండి. ఉగాదికి మామిడాకు, వినాయకచవితికి పత్రి, సంక్రాంతికి గుమ్మడిపువ్వు. క్రిస్టమస్‌కు కూడా తన పచ్చదనం ఉన్నది. ఈ నెల పాఠం దాన్ని గురించే. కాని పాఠానికి ముందు నేను చేసిన ఒక తప్పు మీకు చెప్పాలి. మేష్టర్లు కూడా తప్పులు చేస్తారు సుమా!

అది 1984వ సంవత్సరం. నేను కొత్తగా ఉద్యోగంలో చేరి, కృష్ణాజిల్లాలో సముద్రపు ఒడ్డున ఉన్న ఒక పల్లెటూరి బడిలో పనిచేస్తున్నాను. క్రిస్టమస్ దగ్గరపడింది. బడిలో పిల్లలందరం కలిసి పండుగ చేసుకుందామనుకున్నాం. “ఒరే, రేపు ఎవరైనా ఒక సరుగుడు కొమ్మ తీసుకురండి. బాల్చీలో ఇసుక పోసి నిలబెడదాం,” అని నేను అన్నాను. ఎక్కడి కొమ్మ, ఏ కొమ్మ అని చెప్పలేదు. అదే నా తప్పు.

మర్నాడు నాలుగో తరగతి కుర్రాడొకడు తన ఎత్తున్న చక్కని కొమ్మ భుజాన వేసుకుని వచ్చాడు. నిటారుగా, చుట్టూ చిన్న చిన్న కొమ్మలతో గోపురంలాగా ఉన్నది. నేను వాణ్ణి మెచ్చుకున్నాను కూడా! పిల్లలు దానికి కాగితపు పూలు కట్టడం మొదలుపెట్టారు. ఇంతలో సముద్రపు ఒడ్డున సరుగుడు తోటకు కాపలా ఉండే ముసలాయన వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఆయన ఎవరినీ కోప్పడలేదు. “మేష్టారూ, ఒక్కసారి నాతో వస్తారా?” అన్నాడంతే.

ఇద్దరం ఇసుకలో నడిచి తోటకు వెళ్లాం. రెండేళ్ల మొక్క ఒకటి, తల తెగి, మొండిగా నిలబడి ఉన్నది. మా బడిలో కాగితపు పూలు కట్టించుకుంటున్నది కొమ్మ కాదు, ఆ చెట్టు తల!

“ఉప్పెనలో మా ఇంట్లో ముగ్గురు పోయారు, మేష్టారూ,” అన్నాడాయన. “గాలికి అడ్డం ఉంటాయని ఈ చెట్లు పెంచుతున్నాం.”

1977 నవంబరు 19న దివిసీమను ముంచెత్తిన ఉప్పెనను గురించి మీరు పెద్దలవద్ద వినే ఉంటారు. వేలమంది ప్రాణాలు పోయాయి. ఆ తరువాతనే మన తీరం పొడుగునా ఎన్నోచోట్ల సరుగుడు చెట్లను వరసలు వరసలుగా నాటారు. చెట్లు ఉప్పెనను పూర్తిగా ఆపలేవు. కాని గాలి ఊపును తగ్గిస్తాయి, ఇసుక ఎగిరి పొలాలమీద పడకుండా పట్టి ఉంచుతాయి. ఇదంతా తెలిసిన నేను, పిల్లవాడికి ఒక్క మాట చెప్పలేకపోయాను. ముసలాయనకు ఏమని సమాధానం చెప్పాలో నాకు తోచలేదు. “తప్పు పిల్లవాడిది కాదండీ, నాది,” అన్నాను.

చెట్టు తల నరికితే ఏమవుతుంది? మళ్లీ చిగిర్చదా అని మీరు అడగవచ్చు. చిగురుస్తుంది. కాని ఎలా చిగురుస్తుందో వినండి.

చెట్టు కొసన ఉండే మొగ్గ ఆ చెట్టుకు పెద్దన్న లాంటిది. అది ఆక్సిన్ అనే పదార్థాన్ని తయారుచేసి కిందికి పంపుతూ ఉంటుంది. దానివల్ల పక్కనున్న మొగ్గలు అణిగి ఉంటాయి. చెట్టు నిటారుగా పైకి పోతుంది. కొస తెగిందా, ఇక అదుపు పోయినట్టే! పక్క కొమ్మలు రెండో మూడో “నేను ముందు, నేను ముందు” అంటూ పైకి లేస్తాయి. చెట్టు పంగలుగా చీలుతుంది. అలాంటి చెట్టుకు పెద్దగాలి వస్తే పంగ దగ్గరే చీలే ప్రమాదం. పందిరి రాటకు కూడా అది పనికిరాదు.

ఈ కిటుకు మీ అమ్మకు తెలుసు. చామంతి మొక్క జానెడు ఎదగగానే ఆమె దాని కొస తుంచుతుంది, చూశారా? పక్క కొమ్మలు ఎక్కువగా వచ్చి ఎక్కువ పూలు పూయాలని! చామంతికి మేలు చేసే పనే సరుగుడుకు కీడు అయింది. కనుక పండుగకు కొమ్మ కావలసివస్తే, పెద్ద చెట్టుకు కింద ఉన్న పక్క కొమ్మ, అదీ చెట్టుగలవారిని అడిగి, పెద్దవాళ్లచేత కోయించుకోవాలి. దానివల్ల చెట్టుకు ఏమంత నష్టం లేదు.

సరుగుడును కొన్నిచోట్ల సరివి అంటారు. ఈ సన్నని పచ్చని పుల్లలను అందరూ ఆకులనుకుంటారు. కావు! అవి రెమ్మలు. ఒక పుల్ల తీసుకుని వెలుగులో చూడండి. అంగుళంలోపే కణుపులు కణుపులుగా ఉంటుంది. ప్రతి కణుపు చుట్టూ ఏడో ఎనిమిదో చిన్న పళ్లలాంటివి కనిపిస్తాయి. అవే అసలు ఆకులు! కణుపు దగ్గర మెల్లగా లాగితే పుల్ల ఊడివస్తుంది. మళ్లీ అందులోనే గుచ్చి, “ఎక్కడ విరిచానో చెప్పు” అని మీ స్నేహితుణ్ణి అడగవచ్చు. సముద్రపు ఒడ్డు పిల్లలకు ఇది పాత ఆటే. ఆకులు అంత చిన్నవిగా ఉండటంవల్ల నీరు ఎక్కువగా ఆవిరికాదు. అందుకే ఎండలో, ఉప్పుగాలిలో, ఇసుకలో కూడా అది పచ్చగా నిలుస్తుంది.

మరి క్రిస్టమస్‌కూ ఇలాంటి చెట్టుకూ సంబంధం ఎలా కుదిరింది? దానికి మనం ఐరోపా ఖండానికి వెళ్లాలి.

డిసెంబరులో మన విజయవాడలో పగలు సుమారు 11 గంటలు ఉంటుంది. స్వీడన్ దేశపు రాజధాని స్టాక్‌హోమ్‌లో ఆ రోజులలో పగలు సుమారు 6 గంటలే! నేలలో నీరు గడ్డకడుతుంది. వెడల్పాటి ఆకులున్న చెట్లకు వేళ్లద్వారా నీరు అందదు. ఆకులుంటే ఉన్న నీరు కూడా ఆవిరైపోతుంది. అందుచేత అవి చలికాలానికి ముందే ఆకులన్నీ రాల్చి మోడులై నిలబడతాయి. ఎటుచూసినా తెల్లని మంచు, నల్లని మోడులు. అలాంటిచోట ఫర్, స్ప్రూస్ అనే చెట్లు మాత్రం పచ్చగా ఉంటాయి. వాటి ఆకులు సూదుల్లా సన్నగా ఉంటాయి, పైన మైనపు పూత ఉంటుంది. చెట్టు గోపురంలాగా ఉండటంవల్ల మంచు కిందికి జారిపోతుంది. వాటితోపాటు హాలీ అనే ముళ్లాకుల చెట్టు, ఐవీ అనే తీగ కూడా పచ్చగా ఉంటాయి.

నెలల తరబడి పచ్చని ఆకు చూడనివారికి ఆ ఒక్క పచ్చకొమ్మ ఎంత ధైర్యమిస్తుందో ఊహించండి! “ఈ చలి ఎల్లకాలం ఉండదు, వసంతం మళ్లీ వస్తుంది” అని అది చెప్పినట్టు ఉంటుంది. క్రిస్టమస్ పండుగ పుట్టకముందే, రోమనులు డిసెంబరులో చేసుకునే ఒక పండుగకు ఇళ్లను పచ్చకొమ్మలతో అలంకరించేవారు. తరువాత క్రైస్తవులు కూడా ఆ పచ్చదనాన్ని తమ పండుగలో చేర్చుకున్నారు. 1605లో స్ట్రాస్‌బర్గ్ నగరంలో ఫర్ చెట్లను ఇంట్లో నిలబెట్టి, కాగితపు గులాబీలు, ఆపిలు పళ్లు, మిఠాయిలు వేలాడదీసేవారని ఒకరు రాసి ఉంచారు. 1848లో విక్టోరియా రాణి కుటుంబం క్రిస్టమస్ చెట్టు చుట్టూ నిలబడిన బొమ్మ లండనులో ఒక పత్రికలో పడింది. దానితో ఆ అలవాటు ఇంగ్లండులో ఇంటింటికీ పాకింది.

మన తీరంలో ఫర్ చెట్టు ఎక్కడిది? అందుచేత మనవాళ్లు దాని పోలికలున్న సరుగుడును తెచ్చుకున్నారు. నిజానికి రెండింటికీ చుట్టరికం లేదు. సరుగుడు పూలు పూసే చెట్ల జాతిది. అది కూడా మనకు ఆగ్నేయాసియా, ఆస్ట్రేలియా తీరాలనుంచి వచ్చిన చుట్టమే.

సరే, కొమ్మ దొరకలేదు. దిగులెందుకు? చెట్టును నరకకుండా, డబ్బు ఖర్చు కాకుండా పండుగకు పచ్చదనం తెచ్చే ఉపాయం ఒకటి చెబుతాను. క్రిస్టమస్‌కు చాలా ఇళ్లలో పశువులపాక బొమ్మరిల్లు కడతారు గదా. దానిముందు పచ్చిక బయలు కావాలి. దాన్ని మనమే పెంచుదాం!

ఫ్రాన్సు దేశంలో ప్రోవాన్స్ అనే ప్రాంతం ఉన్నది. అక్కడివారు డిసెంబరు 4న మూడు చిన్న పళ్లేలలో గోధుమలు మొలకవేస్తారు. పండుగనాటికి అవి పచ్చగా ఎదుగుతాయి. మన గోవాలో కూడా పాకముందు పచ్చికకోసం చోళ్లు మొలకెత్తిస్తారు. మనకు ఇది కొత్తదా? పెళ్లిళ్లలో పాలికలలో నవధాన్యాలు చల్లి మొలిపించడం మీరు చూడలేదూ?

ఇలా చెయ్యండి. డిసెంబరు 14న గుప్పెడు చోళ్లు—వాటినే రాగులంటారు—రాత్రి నీళ్లలో నానబెట్టండి. మర్నాడు వెడల్పాటి పళ్లెంలో రెండువేళ్ల మందాన మట్టి, ఇసుక కలిపి పరిచి, గింజలను దగ్గరదగ్గరగా చల్లండి. పైన పలచగా మట్టి జల్లండి. రోజుకు రెండుసార్లు చేత్తో నీళ్లు చిలకరించండి. నీళ్లు నిలవనియ్యకండి, గింజ కుళ్లిపోతుంది. మూడు నాలుగు రోజులకు మొలక కనిపిస్తుంది. 25వ తేదీకి లేతపచ్చని తివాచీ సిద్ధం!

ఇప్పుడు ఇందులోనే ఒక ప్రయోగం. ఒక పళ్లేనికి బదులు రెండు వెయ్యండి. ఒకటి కిటికీ దగ్గర పెట్టండి. రెండోదానిమీద గంప బోర్లించి, గుడ్డ కప్పి, చీకటిలో ఉంచండి. వారం తరువాత రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. చీకటిలోవి ఎక్కువ పొడవుగా, పాలిపోయి పసుపుపచ్చగా ఉంటాయి. ఎందుకు? ఆకుకు పచ్చరంగు ఇచ్చే పత్రహరితం తయారుకావటానికి వెలుగు కావాలి. వెలుగు లేని మొలక, గింజలో దాచుకున్న ఆహారమంతా ఖర్చుపెట్టి, “వెలుగు ఎక్కడున్నది?” అని వెతుకుతూ సాగిపోతుంది. దాన్ని వెలుగులోకి తెచ్చి ఒకటి రెండు రోజులు ఉంచండి. పచ్చబడుతుంది. మరి కిటికీ దగ్గరి పళ్లెమో? మొలకలన్నీ కిటికీవైపుకు తలలు వంచుతాయి. రోజూ పళ్లేన్ని కొంచెం తిప్పితే నిటారుగా పెరుగుతాయి.

పండుగ అయిపోయాక ఆ మొలకలను పారవెయ్యకండి. కాస్త ముదిరాక చోళ్ల నారు పెరట్లో నాటవచ్చు, లేదా కోళ్లకు వెయ్యవచ్చు.

కొన్ని ఇళ్లలో ఎర్రని ఆకుల పాయిన్‌సెట్టియా మొక్క కూడా ఉంటుంది. దాని పుట్టినిల్లు మెక్సికో. ఆ ఎర్రనివి పూరేకులు కావు, ఆకులే! మధ్యలో పసుపుపచ్చగా ఉండేవే అసలు పూలు. రాత్రులు పొడుగైతేనే దానికి ఎరుపెక్కుతుంది. రాత్రంతా వీధిదీపం పడేచోట పెడితే ఆకులు పచ్చగానే ఉండిపోతాయి. రెడ్డివారి నానుబాలు మొక్కలాగే దీనికీ పాలు కారతాయి. ఆ పాలు కంటికి తగిలితే మంట. తాకాక చేతులు కడుక్కోండి.

ఇంకొక జాగ్రత్త. పచ్చకొమ్మను తడి ఇసుకలో నిలబెట్టి, రోజూ నీళ్లు పొయ్యండి. దానిమీదగాని, దగ్గరలోగాని కొవ్వొత్తులు వెలిగించవద్దు. ఎండిన సరుగుడు ఎంత తొందరగా అంటుకుంటుందో, దాన్ని పొయ్యి రాజెయ్యటానికి వాడేవారిని అడగండి, చెబుతారు.

ఇక నా కథ ముగింపు. ఆ తరువాతి వానాకాలంలో నేనూ, ఆ కుర్రాడూ, తరగతి పిల్లలూ వెళ్లి ఆ ముసలాయన చూపినచోట అయిదు మొక్కలు నాటాం. రెండు చచ్చిపోయాయి, మూడు బతికాయి. తల తెగిన చెట్టు రెండు తలలు వేసి పెరిగింది. ఆ ఊరి పిల్లలు దానికి “మేష్టారి చెట్టు” అని పేరు పెట్టారు. నేను ఆ ఊళ్లో ఉన్నన్నాళ్లూ ఆ పేరు విన్నప్పుడల్లా తల వంచుకునేవాణ్ణి. కాని ఒక్కటి నిజం: ఆ తరువాత ఆ బడిలో ఏ పిల్లవాడూ కొమ్మకూ తలకూ తేడా తెలియకుండా కత్తి పట్టలేదు.

వచ్చే నెల సంక్రాంతి. గొబ్బెమ్మలమీద గుమ్మడిపువ్వు పెడతాం గదా. గుమ్మడిపాదుకు రెండు రకాల పూలు పూస్తాయి. కాయ రావాలంటే, గొబ్బెమ్మకోసం వాటిలో ఏది కొయ్యాలి, ఏది పాదునే ఉంచాలి? పాదు దగ్గరకు వెళ్లి చూసి జవాబు రాసి పంపండి. పుస్తకం చూసి రాస్తే మాత్రం నేను ఇట్టే కనిపెట్టేస్తాను!

మీ
మేష్టారు తాతయ్య